తిరుమల ఘాట్ దిగేటప్పుడు ముందు బ్రేకు మెత్తబడుతోంది, కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పట్టేసిందా?

అన్నలారా, బండి 125 సీసీ. ముందు డిస్కు, వెనక 130 మి.మీ. డ్రమ్ము. వెనక మనిషి కూర్చుంటే, దిగే ఘాట్‌లో సగం దారి దాటాక ముందు లివర్ స్పాంజిలా మెత్తబడి గ్రిప్పు దాకా వచ్చేస్తోంది. గబగబా రెండు మూడుసార్లు నొక్కితే కాస్త పట్టు వస్తుంది. ఇరవై నిమిషాలు ఆపితే మళ్లీ మామూలే.

లివర్ గట్టిగా ఉండి బండి ఆగకపోతే ప్యాడ్ల వేడి అనుకోవచ్చు. ఇది మెత్తబడుతోంది, అంటే బ్రేకు ఫ్లూయిడ్ మరిగి బుడగలు కడుతున్నట్టే. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీలు తట్టుకోవాలి, తేమ పీల్చాక 155కే మరగొచ్చు. అందుకే సీలు తీయని డబ్బాతో మొత్తం మార్చి గాలి తీయించాను. ప్యాడ్లూ కొత్తవే. అయినా అదే వరస.

దిగేది రెండో గేరులోనే. (పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ ఆపి దిగేవాళ్లు దయచేసి మానండి, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.)

ఒక్కటి గమనించాను: చక్రం పైకెత్తి తిప్పితే ఒకటిన్నర చుట్టుకే ఆగిపోతోంది, ప్యాడు రాసుకుంటున్న చప్పుడు. ప్యాడును నెట్టే పిస్టన్ వెనక్కి రావట్లేదా, కాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులు బిగుసుకున్నాయా? సీల్ కిట్ (లోపలి రబ్బరు సీళ్లు) మారిస్తే చాలా, కాలిపరే మార్చాలా? తిరుపతిలో ఈ పని బాగా తెలిసిన మెకానిక్ ఏ వైపు ఉన్నారో కూడా చెప్పండి.