మూలబిందువా, మూలలో బిందువా?

సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే మెషీన్ల) ప్రోగ్రామింగ్ పాఠాలు తెలుగులో రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. మీ సాయం కావాలి.

ప్రోగ్రాం రాసేముందు కొలతలన్నీ ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో ఒక చోటు ఎంచుకుంటాం. ఎక్స్, వై, జెడ్ మూడూ అక్కడ సున్నా. లెక్కల పుస్తకాల్లో ఉన్న మాటే కదా అని దీన్ని ‘మూలబిందువు’ అని రాశాను. అది చదివి నేర్చుకుంటున్న ఒకబ్బాయి, జాబ్ (మెషీన్ మీద కోసే ముక్క) ఏదైనా సరే, దాని మూలకే వెళ్లి జీరో తీసుకుంటున్నాడు. మూలం, మూల: సమాసంలో రెండూ ఒకేలా వినిపిస్తాయి మరి! తప్పు నేను ఎంచుకున్న మాటది.

మూల అన్నిసార్లూ పనికిరాదు. 100 మి.మీ. ఉండాల్సిన దిమ్మ 100.4 వచ్చిందనుకోండి. డ్రాయింగ్‌లో రంధ్రాల కొలతలన్నీ మధ్యగీత నుంచి ఇచ్చారు. మూలన జీరో తీసుకుని 50 దగ్గర మధ్య అనుకుంటే, అసలు మధ్య 50.2 దగ్గరుంటుంది. రంధ్రాలన్నీ 0.2 ఒక పక్కకి జరిగిపోతాయి. అదే అంచు ఎక్కడుందో చూపే ఎడ్జ్ ఫైండర్‌తో రెండు అంచులూ తాకించి, నడిమిన జీరో తీసుకుంటే ఆ ఎక్కువ 0.4 రెండు వైపులా సమానంగా సర్దుకుంటుంది. జాబ్‌ని తిప్పుతూ కోసే లేత్ మీదైతే ఎక్స్ జీరో ఎప్పుడూ స్పిండిల్ (ఆ తిప్పే ఇరుసు) నడిగీతే.

ఇంకో చిక్కుంది. మెషీన్‌తో పాటే వచ్చే సున్నా ఒకటి, మామూలు పనిలో దాని జోలికి వెళ్లం. జాబ్ మీద మనం పెట్టుకునేది వేరు. ప్రోగ్రాంలో జీ54 నుంచి జీ59 వరకు ఉన్న కోడ్‌ల కింద అలాంటివి ఆరు దాచుకోవచ్చు. మూలం అంటే ముందే ఉన్నది కాబట్టి మొదటిదానికి ‘మూలబిందువు’ చక్కగా అతుకుతుంది. రెండోదానికి అతకదు.

‘కొండగుర్తు’ బాగుంటుందన్నారు ఒక మిత్రుడు. అది పోల్చుకోవడానికే కానీ కొలవడానికి కాదు. సున్నాకి ‘పూజ్యం’ అనే పాత మాట ఉంది, నాకెంతో ఇష్టం, కానీ ఇప్పుడది వింటే దండం పెట్టాలనిపిస్తుంది.

మెషీన్ షాపులో మాత్రం అందరూ ‘జీరో తీసుకున్నావా?’ అనే అడుగుతారు. ఆ ‘తీసుకోవడం’లోనే ఎంపిక ఉంది. అందుకే ‘జాబ్ జీరో’ అని రాసేద్దామనుకుంటున్నాను. ‘కొలతల మొదలు’ అన్నది కూడా మనసులో ఉంది. మెషీన్ ముందు నిలబడి పనిచేసేవాళ్లకి ఏది చటుక్కున అర్థమవుతుందంటారు?