కొత్త గేర్ నాబ్ రెండు చుట్లకే పట్టేస్తోంది, ఏం చేయాలి?

నా మాన్యువల్ కారు గేర్ నాబ్ మీద తొడుగు ఊడిపోయి చేతికి నల్లగా అంటుతోంది. అందుకే బరువైన స్టీల్ నాబ్ ఒకటి తెచ్చాను. పాతది ఎడమవైపు తిప్పితే వచ్చేసింది. కొత్తది మాత్రం రెండు చుట్లు తేలిగ్గా ఎక్కి, ఆ తర్వాత బిగుసుకుపోతోంది. కొలిస్తే రాడ్ థ్రెడ్ ఎం10 (అంటే 10 మి.మీ. వ్యాసం), పిచ్ (ఒక థ్రెడ్ గీతకీ పక్కదానికీ మధ్య దూరం) 1.25 మి.మీ., నాబ్‌ది 1.5. బలవంతం చేస్తే రాడ్ థ్రెడ్డే అరిగిపోతుందని ఆపేశాను.

దీనికి అడాప్టర్ (రెండు వేర్వేరు థ్రెడ్లను కలిపే ముక్క) వేస్తే గట్టిగా నిలుస్తుందా, లేక సరైన పిచ్ నాబ్ కొనడమే మేలా? ఇంకో టెన్షన్: మా కారులో రివర్స్ పడాలంటే నాబ్ కింది రింగును పైకి లాగాలి. అది కొత్తదానికి తగలకుండా కింద లాక్ నట్ (నాబ్ కదలకుండా బిగించే నట్) వేసి ఎత్తు సర్దవచ్చా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.