అప్‌డేట్: మా వీధిలో ధ్యానం మొదలైంది

గురువు లేకుండా ఒంగోల్లో మా వీధివాళ్లం బౌద్ధ ధ్యానం ఎలా నేర్చుకోవాలని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఆదివారాలు పొద్దున్నే మేడ మీద కూర్చుంటున్నాం.

మీరు చెప్పినట్టే ఆనాపానసతితో, అంటే ఊపిరిని గమనించే ధ్యానంతో మొదలుపెట్టాం. ఊపిరి బిగబట్టడం లేదు. వచ్చేది వస్తోందని, పోయేది పోతోందని గమనించడమే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కుర్చీలు వేశాం.

పిల్లలకు రాహులుడి కథ బాగా పట్టింది. బుద్ధుడు పాత్రలో కాసిని నీళ్లు మిగిల్చి, తెలిసీ సిగ్గులేకుండా అబద్ధమాడేవాడి సాధన ఇంతేనని కొడుక్కి చూపిస్తాడు. ఆ నీళ్లూ పారబోసి, పాత్ర బోర్లిస్తాడు. పక్కింటి పాప ఇత్తడి చెంబు తెచ్చి అచ్చం అలాగే చేసింది. బోర్లించిన చెంబు మీద నీళ్లు పోస్తే నిలుస్తాయా అని మమ్మల్నే అడిగింది!

మతం మారమంటారేమోనని ఒక పెద్దాయన టెన్షన్ పడ్డారు. కాలాములనేవాళ్లకు బుద్ధుడు చేసిన బోధ, కాలామ సుత్తం చదివి వినిపించాం: ఆచారమనో, గ్రంథంలో ఉందనో, గురువు చెప్పాడనో ఒప్పుకోవద్దు, మీ అంతట మీరే తెలుసుకోండి అని. ఇప్పుడాయన అందరికంటే ముందొస్తున్నారు. నాకు చాలా సంతోషంగా ఉంది.

త్వరలో దొనకొండ మండలం చందవరం వెళ్తున్నాం. గుండ్లకమ్మ ఒడ్డున శాతవాహనుల కాలం నాటి స్తూపం అక్కడుంది. కొండెక్కలేని పెద్దవాళ్లను పైకి ఎలా తీసుకెళ్లాలో, వెళ్లొచ్చినవాళ్లుంటే చెప్పండి.