సెకండ్ హ్యాండ్ టర్బో బండి: గేర్‌బాక్స్ వణుకు ఎక్కడిదో తేల్చేదెలా?

మాది అనంతపురం. 2016 మోడల్ హ్యాచ్‌బ్యాక్ ఒకటి చూశాను. 1.2 లీటర్ టర్బో పెట్రోల్, 7 స్పీడ్ డ్రై క్లచ్ డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌లతో గేర్లు తనే మార్చుకునే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ (ఏ బండో తెలిసినవాళ్ళకి తెలిసిపోతుంది). 78,000 కిలోమీటర్లు తిరిగింది, 4.2 లక్షలు చెప్తున్నారు. కర్ణాటక రిజిస్ట్రేషన్. ఎన్ఓసీ, ఆంధ్రా లైఫ్ ట్యాక్స్, రిపేర్లు అన్నీ కలిపి నా బడ్జెట్ 5 లక్షలే.

బెంగళూరు హైవే మీద బండి అదరగొట్టింది. 1,800 ఆర్‌పీఎం దాటగానే లాగుతుంది, పొగ లేదు, టర్బో ఈల శబ్దమూ లేదు. తంటా అంతా ఊళ్ళోనే. క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు నడిపి ఇంజిన్ బాగా వేడెక్కాక, ఒకటి నుంచి రెండో గేర్‌కి మారేటప్పుడు 15-20 స్పీడ్‌లో గడగడా వణుకుతోంది. సీటు కింద స్పష్టంగా తెలుస్తుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు అస్సలు లేదు. మాన్యువల్ మోడ్‌లో పెట్టినా అదే వరస.

బ్లూటూత్ ఓబీడీతో (బండి కంప్యూటర్‌లోని ఎర్రర్ కోడ్‌లు ఫోన్‌లో చూపే చిన్న పరికరం) చూస్తే ఎర్రర్ కోడ్ ఏమీ రాలేదు, కానీ అది ఇంజిన్ తప్ప గేర్‌బాక్స్ మాడ్యూల్ చదవదు. ఇక్కడి మెకానిక్‌లు డీఎస్‌జీ అనగానే చేతులెత్తేస్తున్నారు. సర్వీస్ రికార్డు 62,000 దగ్గరే ఆగిపోయింది. "ఈ బండ్లన్నీ ఇంతే సార్" అంటాడు అమ్మేవాడు. ఆ మాట నమ్మి అడ్వాన్స్ ఇవ్వలేను.

గేర్‌బాక్స్ స్కాన్ చేయించడానికి బెంగళూరు తీసుకెళ్దామంటే ఒప్పుకున్నాడు. గేర్‌బాక్స్ దించకుండా, ఈ వణుకు క్లచ్ ప్యాక్ అరగడం వల్లా, మెకట్రానిక్ యూనిట్ (క్లచ్‌లను, గేర్లను నడిపించే ఎలక్ట్రానిక్-హైడ్రాలిక్ భాగం) వల్లా అని తేల్చాలంటే ఆ స్కాన్‌లో ఏ రీడింగులు చూడాలి?