సీఓటూ లేకుండా మొక్కల అక్వేరియం: ఎలా మొదలుపెట్టాలి?

కొత్తతొట్టి:
60 లీటర్ల తొట్టి, స్పాంజ్ ఫిల్టర్, మామూలు ఎల్ఈడీ లైటు ఉన్నాయి. మొక్కలకి కార్బన్ డయాక్సైడ్ అందించే సీఓటూ సిలిండర్ జోలికి వెళ్లే ఉద్దేశం లేదు. వీడియోలు చూసేకొద్దీ తల తిరుగుతోంది, ఒకాయన అడుగున మట్టి వేయమంటాడు, ఇంకొకాయన ఇసుక చాలంటాడు. ఏ మొక్కలు బతుకుతాయి, లైటు ఎంతసేపు ఉంచాలి? నీళ్లు పోసిన మర్నాడే చేపల్ని వదిలేయొచ్చని షాపులో అన్నారు, నాకెందుకో నమ్మబుద్ధి కావట్లేదు.

నీటిచెట్టు:
నమ్మకండి. చేపల వ్యర్థాల నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని కొన్ని బ్యాక్టీరియా నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషం, నైట్రేట్ మరీ పెరిగిపోతే తప్ప ఇబ్బంది లేదు, పైగా మొక్కలకు అదే ఎరువు. ఆ బ్యాక్టీరియా ఫిల్టర్‌లో కుదురుకోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది, అదీ రోజూ చిటికెడు మేత వేస్తూ ఉంటేనే, ఎందుకంటే వట్టి నీళ్లలో వాటికి తిండి ఉండదు. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వచ్చి అక్కడే నిలబడ్డాక వదలండి.
కుళాయి నీళ్లయితే డీక్లోరినేటర్ (క్లోరిన్‌ని పోగొట్టే మందు) తప్పనిసరి. రాత్రంతా బకెట్‌లో ఉంచితే చాలంటారు గానీ, క్లోరిన్‌లా తేలిగ్గా గాల్లోకి పోని క్లోరమైన్ కలిపిన నీళ్లకి అది పనిచేయదు.

పచ్చనాచు:
లైటు 6 గంటలు, టైమర్ పెట్టేయండి. సీఓటూ తక్కువున్న చోట వెలుగు పెంచితే మొక్కలు దాన్ని వాడుకోలేవు, లాభపడేది నాచే. అనూబియాస్, జావా ఫెర్న్ తీసుకుని రాయికో చెక్కకో దారంతో కట్టండి. అడ్డంగా పాకే ఆ లావు కాండాన్ని ఇసుకలో పూడిస్తే కుళ్లిపోతుంది. మొదటి రోజే మొక్కలు దండిగా పెట్టండి, తర్వాత ఒకటీ అరా చేర్చుకుందాం అనుకుంటే ఈలోపు నాచు పట్టేస్తుంది. హార్న్‌వర్ట్ కూడా వేయండి, వేగంగా పెరుగుతూ నీళ్లలో ఎక్కువైన పోషకాల్ని లాగేస్తుంది.

మట్టిమనిషి:
మట్టి మంచిదే, నేనూ అదే వాడతాను. కానీ పైన మందంగా ఇసుక కప్పాలి, మొక్కని పీకి వేరే చోట పెట్టాలనుకున్నప్పుడల్లా నీళ్లన్నీ బురదైపోతాయి, కొత్తవాళ్లు మొక్కల్ని కదపకుండా ఉండలేరు కదా :) ఇసుకే వేసుకోండి. క్రిప్టోకొరైన్, వాలిస్‌నేరియా లాంటి వేళ్లతో తినే మొక్కల కింద రూట్ ట్యాబ్‌లు (ఎరువు బిళ్లలు) గుచ్చండి. నాటిన కొత్తలో క్రిప్ట్ ఆకులు కరిగిపోతే టెన్షన్ పడి పీకేయకండి, వేరు గట్టిగా ఉంటే మళ్లీ చిగురేస్తుంది.

కొత్తతొట్టి:
అందరికీ థ్యాంక్స్ అండీ, ఇసుకే ఖాయం. పిల్లలు గోల్డ్ ఫిష్ కావాలంటున్నారు, పర్వాలేదా?

నీటిచెట్టు:
వద్దండీ. మొక్కల్ని తినేస్తాయి, పెకిలిస్తాయి, పెద్దయ్యాక 60 లీటర్లు వాటికి ఏ మూలకీ చాలవు. గప్పీలు వేయండి, అన్నీ మగవే తీసుకోండి, లేకపోతే పిల్లలతో తొట్టి నిండిపోతుంది.