పెద్దయ్యాక ముందు చర్మం బిగుతు: నేరుగా సున్తీయేనా, క్రీముకు ఎనిమిది వారాలు ఇవ్వాలా?

నల్లరేగడి (చర్చ మొదలు)

"ఇరవై దాటాక కూడా అంగం ముందు చర్మం వెనక్కి రాకపోతే క్రీములు దండగ. స్టేప్లర్ సున్తీ (పిన్నులు కొట్టే పరికరంతో చేసేది) చేయించుకుంటే అరగంటలో తేలిపోతుంది." పెళ్లి దగ్గరపడ్డ కుర్రాళ్లు ఎక్కడ అడిగినా వస్తున్న జవాబు ఇదే. దీన్నే చర్చకు పెడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: బిగుతంతా ఒక్క రకం కాదు. ఏ రకమో చూడకుండా కోయించుకోవడం తప్పు. చూడకుండా నెలల తరబడి క్రీము పూసుకుంటూ కూర్చోవడమూ తప్పే.

పుట్టినప్పుడు దాదాపు ప్రతి మగపిల్లాడికీ ఈ చర్మం లోపలి గ్లాన్స్‌కు (అంగం కొన భాగానికి) అతుక్కునే ఉంటుంది. పెరిగేకొద్దీ దానంతట అదే విడుతుంది. డెన్మార్క్ డాక్టరు యాకోబ్ ఓస్టర్ 1968లో బడిపిల్లల మీద ప్రచురించిన పరిశీలనలో 17 ఏళ్లు వచ్చేసరికి బిగుతు మిగిలింది నూటికి ఒక్కరికి. అలా మిగిలినవాళ్లలో చాలామందికి ఉండేది మెత్తటి బిగుతు. కొన దగ్గర చర్మాన్ని మెల్లగా వెనక్కి లాగితే లోపలి గులాబీ రంగు పొర మొగ్గ విచ్చుకున్నట్టు బయటికి కనిపిస్తుంది. వేళ్ల మధ్య సాగుతుంది. దీనికి స్టెరాయిడ్ క్రీము, సాగదీత పనిచేస్తాయి.

రెండోది వేరు. లాగితే పొర విచ్చుకోదు, గరాటులా ముందుకు సన్నబడుతుంది. కొన చుట్టూ తెల్లటి వలయం, పట్టుకుంటే గట్టిగా తగులుతుంది. పైన చర్మం ఉల్లిపొరలా పల్చగా, మెరుస్తూ, ముడతలు పడి ఉంటుంది. దీని పేరు లైకెన్ స్క్లెరోసస్. చాలామంది బొల్లి అనుకుంటారు. బొల్లిలో రంగు మాత్రమే పోతుంది, చర్మం మెత్తగానే ఉంటుంది. ఇక్కడ రంగుతో పాటు మెత్తదనం కూడా పోతుంది.

ఓపీ ఆరో గది

నల్లరేగడి గారూ, రెండు రకాలని విడదీసింది బాగుంది. కానీ మీరు చూపించిన లెక్క పిల్లలది. స్టెరాయిడ్ క్రీముల మీద జరిగిన అధ్యయనాల్లో ఎక్కువ భాగమూ పిల్లల మీదే. పిల్లాడి చర్మం ఎలాగూ వదులయ్యే దారిలోనే ఉంటుంది, క్రీము ఆ పనిని తొందర చేస్తుంది. ముప్పై ఐదేళ్లవాడికి ఆ సాయం లేదు.

ఇంకో మాట. నిన్నటిదాకా హాయిగా వెనక్కి వచ్చిన చర్మం ఇవాళ రావడం లేదంటే అది పుట్టుకతో వచ్చిన బిగుతు కాదు, జబ్బుతో వచ్చింది. అలాంటప్పుడు ముందు అనుమానించాల్సినవి రెండు: ఒకటి లైకెన్ స్క్లెరోసస్, రెండు షుగర్. వీళ్లను "ఎనిమిది వారాలు రాసి చూడు" అని ఇంటికి పంపితే, ఆ ఎనిమిది ఎనభై అవుతాయి. సిగ్గుతో మళ్లీ రారు. మూసుకున్న చర్మం కింద పుండో గడ్డో మొదలైతే కంటికి కనిపించదు. చర్మం బిగుతు అంగం క్యాన్సర్ ముప్పును పెంచుతుందని తెలిసిందే. అందుకే నేను సర్జరీ వైపు మొగ్గుతాను.

వేపచెట్టు

షుగర్ మాట వచ్చింది కాబట్టి దాన్ని గట్టిగా చెప్పాలి. నలభై దాటినవాళ్లకు చర్మం అంచుల్లో నిలువు పగుళ్లు, మంట, దురద, చర్మం కింద పెరుగు మీగడలాంటి తెలుపు కొత్తగా మొదలైతే, క్రీము కొనేముందు రక్తపరీక్ష చేయించాలి. పరగడుపున 126 గాని అంతకు మించి గాని, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.5 గాని ఆపైన గాని వస్తే షుగర్ ఉన్నట్టే లెక్క, మరోసారి చేయించి ఖాయం చేసుకుంటారు. కొంతమందికి షుగర్ ఉందని తొలిసారి తెలిసేది ఈ పగుళ్లతోనే.

ఇప్పటికే షుగర్ మందులు వాడేవాళ్లు తమ చీటీ ఒకసారి చూసుకోండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు షుగర్‌ను మూత్రంలోకి తోసేస్తాయి. ఆ తీపి తడి చర్మం కింద నిలిస్తే ఫంగస్‌కు విందు. అలాగని మందు సొంతంగా ఆపేయకూడదు, గుండెకూ కిడ్నీలకూ మేలు చేస్తుందని రాసి ఉండొచ్చు. డాక్టరుకు విషయం చెప్పండి. ఫంగస్ ఉంటే సాధారణంగా క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము రోజుకు రెండుసార్లు, ఒకటి రెండు వారాలు ఇస్తారు. షుగర్ అదుపులోకి రాకపోతే మళ్లీ వస్తుంది. భార్యకు కూడా దురద ఉంటే ఆమెకూ చూపించాలి.

పాత మందులషాపు

ఏ క్రీము అన్నది ఎవరూ చెప్పడం లేదు, అసలు గొడవ అక్కడే ఉంది. కౌంటర్ దగ్గర గొంతు తగ్గించి "అక్కడ దురద" అనగానే చేతికి వచ్చేది తామర క్రీము. అందులో క్లోబెటాసాల్, ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు, అన్నీ కలిపి ఉంటాయి. మెత్తటి బిగుతుకు అది తప్పు మందు. క్లోబెటాసాల్ అన్నిటికంటే ఘాటైన తరగతి స్టెరాయిడ్. లైకెన్ స్క్లెరోసస్ ఉందని తేలినవాళ్లకు 0.05 శాతం ఆయింట్‌మెంట్‌ను స్కిన్ డాక్టరు నెలల లెక్క కట్టి ఇస్తారు. అంతేగాని అందరూ పూసుకునేది కాదు.

మెత్తటి బిగుతుకు మామూలుగా రాసేది బీటామెథసోన్ 0.05 లేదా 0.1 శాతం. పేరు వెనకాల 'ఎన్', 'సి', 'జీఎం' లాంటి అక్షరాలుంటే అందులో ఇంకేదో కలిసినట్టే. కలవనిది అడగండి. ఇవన్నీ చీటీ మీద ఇవ్వాల్సిన మందులు. చీటీ అడగని షాపు మీకు మేలు చేయడం లేదు.

ఇంకొకటి. ఆయింట్‌మెంట్‌లో పారఫిన్ ఉంటుంది. అది గాని, కొబ్బరినూనె గాని తగిలితే లేటెక్స్ కండోమ్ బలహీనపడి చిరుగుతుంది. ఈ సంగతి ట్యూబు కొన్నవాళ్లకు ఎవరూ చెప్పరు.

నల్లరేగడి

ఆరో గది గారు అన్నదానికి: పిల్లల ఫలితాలను పెద్దవాళ్లకు యథాతథంగా అంటించలేమన్నది నిజమే, ఒప్పుకుంటున్నాను. కానీ చాలామందిలో క్రీము ఓడిపోయేది, దాన్ని సరిగ్గా వాడకపోవడం వల్లే. తప్పులు జరిగేది ఇదిగో, ఇక్కడ:

మొదట ఇన్ఫెక్షన్ తగ్గాలి. ఎర్రగా, తడిగా, మంటగా ఉన్న చర్మం మీద స్టెరాయిడ్ రాస్తే ఫంగస్ పెరుగుతుంది. తగ్గాక, గోరువెచ్చటి నీళ్ల స్నానం తర్వాత పని మొదలు. చర్మాన్ని నొప్పి లేనంతవరకే వెనక్కి లాగితే బిగుతు వలయం పైకి కనిపిస్తుంది. పెసరగింజంత క్రీము ఆ వలయం మీద, లోపలా బయటా, చుట్టూ పలచగా రాయాలి. గ్లాన్స్ మీద కాదు, అంగమంతా కాదు. చాలామంది మూసి ఉన్న చర్మం పైపైన పూసేస్తారు, మందు వలయాన్ని తాకనే తాకదు. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి. ఈ లెక్కన 20 గ్రాముల ట్యూబు నెల తిరక్కుండానే అయిపోతోందంటే ఎక్కువ పూస్తున్నట్టే.

సాగదీత కూడా రోజుకు రెండుసార్లే, ఒక్కోసారి ఐదు నుంచి పది నిమిషాలు. లాగినప్పుడు బిగువు తెలియాలి, నొప్పి తెలియకూడదు. అక్కడ ముప్పై సెకన్లు ఆపి వదలాలి, మళ్లీ లాగాలి. కొందరికి వెనక్కి లాగడం కంటే, చర్మం నోరు కొంచెం తెరుచుకున్నాక రెండు వేళ్ల కొనలతో అంచును పక్కలకు సాగదీయడం బాగా పనిచేస్తుంది. వేళ్ల గోళ్లు తీసి ఉండాలి.

పెళ్లి దగ్గరికొచ్చిందని తొందరపడి ఒక్క బలమైన లాగుతో తెరుద్దామనుకునేవాళ్లు చేసుకునే నష్టం ఇది: సన్నటి పగులు వస్తుంది, మానుతూ మచ్చ కడుతుంది, మచ్చ మామూలు చర్మంలా సాగదు. నిన్నటికంటే నోరు చిన్నదవుతుంది. పగులు వస్తే నాలుగైదు రోజులు ఆపి, వ్యాజలీన్ మాత్రమే రాసి, మానాక తక్కువ బలంతో మొదలుపెట్టాలి. ఆన్‌లైన్‌లో అమ్మే సిలికాన్ రింగులతో వచ్చే చిక్కూ ఇదే. ఒక సైజు అలవాటు కాకుండానే పెద్దది తొడుగుతారు, చర్మం వాచి రింగు లోపలే ఇరుక్కుంటుంది.

నాలుగు వారాలకు తేడా కనిపించాలి. ఎనిమిది వారాలకు కూడా కనిపించకపోతే ఆపేసి యూరాలజిస్టును కలవాలి. ఈ గడువు దాటి స్టెరాయిడ్ సొంతంగా కొనసాగిస్తే చర్మం పల్చబడుతుంది.

తుంగభద్ర

ఒక సందేహం అన్నా. చర్మం తెరుచుకోదు, లోపల తెల్లటి పాచి ఉంటుంది, వాసన వస్తుంది. కడగడానికే దారి లేనప్పుడు ఏం చేయాలి? యాంటీసెప్టిక్ చుక్క కలిపిన నీళ్లతో కడగమని కొందరంటున్నారు.

వేపచెట్టు

వద్దు తమ్ముడూ. ఆ ద్రావణం లోపలి పొరను కాలుస్తుంది. ఎర్రబడితే ఇన్ఫెక్షన్ అనుకుని ఇంకా ఘాటుగా కలుపుతారు, అలా తిరుగుతూనే ఉంటుంది. సబ్బు కూడా లోపలికి అక్కర్లేదు. సువాసన సబ్బుతో రోజుకు మూడుసార్లు రుద్దేవాళ్లకు వచ్చే మంటలో చాలా భాగం ఆ సబ్బుదే.

ఆ తెల్లటిది మురికి కాదు. రాలిన చర్మకణాలు, చర్మం ఊరించే జిడ్డు కలిసి తయారైనది, పేరు స్మెగ్మా. పేరుకుపోతే వాసన, చికాకు, అంతే. రోజుకు ఒకసారి గోరువెచ్చటి నీళ్లతో, చర్మం నొప్పి లేకుండా ఎంతవరకు వస్తే అంతవరకే లాగి కడగాలి. రానివాళ్లు ఒక మగ్గులో గోరువెచ్చటి నీళ్లు పోసి కొన మునిగేలా రెండు మూడు నిమిషాలు ఉంచి, చర్మాన్ని మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడిస్తే నీరు లోపలికి పోతుంది. ఇయర్‌బడ్, దూది, గోరు లోపలికి పెట్టొద్దు. దూది పీచు లోపలే ఉండిపోతుంది.

కడగడం కంటే ఎక్కువ మరిచిపోయేది మూత్రం సంగతి. చర్మం మూసి ఉండగానే పోస్తే కొన్ని చుక్కలు లోపల నిలుస్తాయి, తడి మంట అక్కడ మొదలవుతుంది. వచ్చినంత వెనక్కి లాగి పోయాలి, తర్వాత మెత్తటి గుడ్డతో అద్దాలి, చర్మాన్ని మళ్లీ ముందుకు తేవాలి. పోసేటప్పుడు చర్మం బుడగలా ఉబ్బి, ధార సన్నగా పక్కకు చిమ్ముతుంటే మాత్రం అది కడుగుడుతో తీరేది కాదు, యూరాలజిస్టు చూడాలి.

ఓపీ ఆరో గది

"మళ్లీ ముందుకు తేవాలి" అన్నది వేపచెట్టు గారు ఒక్క మాటలో చెప్పి వదిలేశారు. అది ప్రాణంలాంటి మాట. బిగుతు చర్మాన్ని బలవంతంగా గ్లాన్స్ వెనక్కి దాటించి అలాగే వదిలేస్తే, వలయం ఉరితాడులా బిగుసుకుంటుంది. ముందు భాగం వాచిపోతుంది, వాచినకొద్దీ చర్మం తిరిగి రాదు. దీన్ని పారాఫైమోసిస్ అంటారు. సాగదీత మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ ఇది తెలిసి ఉండాలి.

చేయాల్సింది: అరచేతిలో ముందు భాగాన్ని పట్టుకుని ఐదు నుంచి పది నిమిషాలు ఆపకుండా నొక్కి ఉంచాలి, వాపు కొంత దిగుతుంది. గుడ్డలో చుట్టిన ఐస్ కూడా పెట్టొచ్చు, నేరుగా కాదు. తర్వాత రెండు బొటనవేళ్లతో గ్లాన్స్‌ను లోపలికి తోస్తూ, మిగతా వేళ్లతో చర్మాన్ని ముందుకు లాగాలి. రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు. క్యాజువాలిటీకి వెళ్లాలి. రంగు నీలంగా, నల్లగా మారుతుంటే ఇంట్లో ప్రయత్నం కూడా వద్దు.

ఇంట్లో పెద్దవాళ్లకు ఆస్పత్రిలో యూరిన్ పైపు వేసినప్పుడు కూడా చర్మం ముందుకు తెచ్చారో లేదో చూడండి. వెనకే మరిచిపోవడం వల్ల వచ్చే కేసులు ఈ జబ్బులో అందరికీ తెలిసిన కథే.

నల్లరేగడి

అందరూ ఆరో గది గారి మాట పట్టుకోవాలి. నా వాదనలో కూడా ఒకటి సవరించుకుంటాను: తెల్లటి గట్టి వలయం, ముందు బాగుండి కొత్తగా వచ్చిన బిగుతు, ధార చిమ్మడం, మానని పుండు, రక్తపు మరక, గడ్డ, వీటిలో ఏది ఉన్నా ఎనిమిది వారాల లెక్క నడవదు. నేరుగా డాక్టరు దగ్గరికే. కానీ మెత్తటి బిగుతున్న ఇరవై ఐదేళ్లవాడికి తొలిరోజే స్టేప్లర్ చెప్పడం ఒప్పుకోను. కోసిన చర్మం తిరిగి రాదు. సర్జరీలో కూడా సున్తీ ఒక్కటే లేదు. బిగుతు వలయాన్ని నిలువుగా చీరి అడ్డంగా కుట్టే ప్రిప్యూషియోప్లాస్టీ ఉంది, చర్మం మిగులుతుంది. కింద దారంలాంటి మడత మాత్రమే పొట్టిగా ఉంటే దాన్నొక్కదాన్నే సరిచేస్తారు. లైకెన్ వల్ల సర్జరీ దాకా వస్తే మాత్రం ఇవి చాలవు, చర్మం మొత్తం తీయడమే మంచిది.

ఓపీ ఆరో గది

అంతవరకూ ఒప్పుకుంటాను. అయితే సర్జరీకి వెళ్లేవాళ్లు ముందు రోజే అడగాల్సినవి చెబుతాను. "లేజర్ స్టేప్లర్" అని బోర్డు ఉంటే, ఆ పరికరంలో ఉండేది గుండ్రటి బ్లేడు, చిన్న పిన్నులు. లేజర్ కాదు. పనిముట్టు మంచిదే, త్వరగా అవుతుంది. కొన్ని పిన్నులు రాలకుండా చర్మంలో దిగబడిపోతే తీయించుకోవాలి. కుట్లతో చేసేది అరగంట నుంచి ముప్పావుగంట, ఎక్కువగా అంగం మొదట్లో మత్తు ఇంజెక్షన్‌తోనే. రక్తం ఆపడానికి కాటరీ (కరెంటుతో కాల్చడం) వాడితే బైపోలార్ (కరెంటు రెండు మొనల మధ్యే పారే రకం) వాడతారా అని అడగండి, మోనోపోలార్ కరెంటు సన్నటి అంగంలో లోపలి దాకా కాల్చే ప్రమాదం ఉంది.

తీసిన చర్మాన్ని చెత్తబుట్టలో వేయనివ్వొద్దు. తెల్లటి వలయం ఉన్నవాళ్లది ఫార్మలిన్ డబ్బాలో బయాప్సీకి పంపించమని నోరు తెరిచి అడగండి. లైకెన్ అని వస్తే ఆపరేషన్ తర్వాత కూడా మూత్రరంధ్రం సన్నబడుతుందేమో గమనించాలి.

మొదటి వారం రాత్రుళ్లు నిద్రలో అంగం గట్టిపడి కుట్లు లాగుతాయి, అది మామూలే, లేచి కాసేపు నడిస్తే తగ్గుతుంది. కుట్లు వాటంతట అవే రెండు మూడు వారాల్లో రాలతాయి. కలయిక ఆరు వారాలు ఆగాలి. కట్టు తడిసేంత రక్తం, జ్వరం, చీము, మూత్రం రాకపోవడం ఉంటే ఫోనులో అడగడం కాదు, వెంటనే చేసిన చోటికే వెళ్లాలి.

తుంగభద్ర

పెద్ద ఊళ్ల ప్రభుత్వ ఆస్పత్రుల్లో దీనికి ఏ ఓపీ చీటీ తీసుకోవాలి అన్నా?

వేపచెట్టు

బోధనాస్పత్రి అయితే స్కిన్ ఓపీ, బోర్డు మీద డీవీఎల్ (చర్మ, సుఖవ్యాధులు, కుష్ఠు విభాగం) అని ఉంటుంది. విశాఖ కేజీహెచ్‌లో, హైదరాబాద్ ఉస్మానియా, గాంధీల్లో ఆ విభాగమూ ఉంది, యూరాలజీ కూడా ఉంది. తెలుపు, దురద, పగుళ్లుంటే ముందు స్కిన్. మూత్రం ఇబ్బంది ఉంటే నేరుగా యూరాలజీ. చీటీ కౌంటర్ దగ్గర అందరి ముందూ చెప్పడానికి ఇబ్బందైతే "స్కిన్" అన్న ఒక్క మాట చాలు, మిగతాది లోపల డాక్టరుకు చెప్పు. వాడిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, కవర్లో వేసుకుని వెళ్లు తమ్ముడూ. ఏం పూశారో తెలియకపోతే లోపల కనిపిస్తున్నది జబ్బో, క్రీము చేసిన పనో చెప్పడం కష్టం.