ఉద్యోగం లేనప్పుడు పాత బైక్ విప్పడం: మంచి కాలక్షేపమా, తప్పించుకు తిరగడమా?

తుప్పు_నేస్తం

ఉద్యోగం పోయి మూడున్నర నెలలైంది. మా టీమ్ మొత్తాన్ని ఒకేసారి తీసేశారు. చేతిలో ఉన్న డబ్బుతో ఇంకో ఐదు నెలలు గడుస్తుంది, ఒళ్లు దగ్గర పెట్టుకుంటే ఆరు.

షెడ్డులో నాన్న బైక్ ఉంది. ఫోర్ స్ట్రోక్, సింగిల్ సిలిండర్, కార్బురేటర్ మోడల్, ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే. నాన్న పోయాక పదకొండేళ్లుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మొన్న టార్పాలిన్ తీసి చూశాను. సీటు ఎలుకలు కొట్టేశాయి. ట్యాంక్ మూత తీస్తే పెట్రోల్ వాసన రాలేదు, పాత వార్నిష్ డబ్బా వాసన వచ్చింది. కిక్ అసలు దిగట్లేదు, రాయిలా ఉంది.

రోజూ పొద్దున నాలుగైదు అప్లికేషన్లు పెడతాను. పదకొండుకల్లా ఆ పని అయిపోతుంది. ఆ తర్వాత ఫోన్ చూస్తూ కూర్చోవడమే. ఈ బండిని ఇంట్లోనే, నా చేతులతోనే బాగుచేసుకుందామని ఉంది. అలవాటు మాత్రం లేదు, చిన్నప్పుడు సైకిల్ చైన్ ఎక్కించడం తప్ప ఏమీ చేసింది లేదు. మా అన్నయ్యేమో "ఉద్యోగం వెతుక్కోరా, ఇనప సామానుతో ఆటలేంటి" అంటున్నాడు. మీరేమంటారు?

లెక్కల_మనిషి

మీ అన్నయ్యదే నా మాట కూడా. కటువుగా అనిపిస్తే ఏమనుకోకండి, నేను ఈ గోతిలో పడి లేచినవాణ్ని.

నాది కారు. ఉద్యోగం లేని ఏడు నెలల్లో, ఇంటి ఖర్చుకని దాచిన డబ్బులో మూడో వంతు దానికే పోసేశాను. ఒక్కసారిగా ఎవరూ పోయరు. "ఎలాగూ విప్పాం కదా, ఇది కూడా మార్చేద్దాం" అని ఒక మాట ఉంటుంది చూశారా, ఆ మాటే నన్ను ముంచింది.

మీ బైక్ సంగతే చూడండి. ఇంజిన్ దాకా వెళ్లక్కర్లేదు. బ్యాటరీ పోయుంటుంది. క్లచ్, బ్రేక్ కేబుళ్లు లోపల తుప్పు పట్టుంటాయి. చైన్, స్ప్రాకెట్లు, బ్రేక్ షూలు, పెట్రోల్ పైపు, ఆయిల్ సీళ్లు అన్నీ మార్చాల్సిందే. టైర్లు పైకి బాగానే కనిపిస్తాయి. పక్కన చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి, చూడండి. 2313 అని ఉంటే 2013లో 23వ వారం తయారైందని. మూడంకెలే ఉంటే అది 2000కి ముందుది. పాత రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద పట్టు ఇవ్వదు, గాడి ఎంత లోతుగా ఉన్నా సరే.

ఇంకొకటి. "పదకొండుకల్లా అయిపోతుంది" అన్నారు, అసలు జబ్బు అక్కడుంది. ఉద్యోగం వెతకడమంటే ఫారాలు నింపడం ఒక్కటే కాదు. పాత సహోద్యోగులకు ఫోన్లు చేయాలి, కొత్త పని ఏదన్నా నేర్చుకోవాలి. ఆ ఫోన్లు చేయడానికి సిగ్గుగా ఉంటుంది. షెడ్డులో ఆ సిగ్గు ఉండదు. అందుకే షెడ్డు మిమ్మల్ని అంతగా పిలుస్తోంది.

గ్రీజు_చేతులు

తమ్ముడూ, నేను ఇరవై ఏళ్లుగా బళ్లు విప్పుతున్నాను. పైన ఆయన డబ్బు గురించి చెప్పింది నిజమే. కానీ కిక్ దిగలేదంటే ఇంజిన్ పని అయిపోయినట్టు కాదు.

ముందు ఒక మాట: కిక్ మీద ఎక్కి తొక్కకు. లోపల కిక్ గేర్ పళ్లు విరిగాయంటే పది రోజుల పని నెల పని అవుతుంది. స్పార్క్ ప్లగ్ విప్పు. ఆ కంతలోంచి తుప్పు వదిలించే ఆయిల్ కొంచెం పొయ్యి. అది దొరక్కపోతే డీజిల్, ఆటోమేటిక్ గేర్ బాక్సుల్లో వాడే ఆయిల్ సగం సగం కలిపి పొయ్యి. పోసి వదిలెయ్. మర్నాడు టాప్ గేర్‌లో వేసి, వెనక చక్రం పైకి లేపి, ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపు. కదలకపోతే ఇంకాస్త పొయ్యి, మళ్లీ మర్నాడు. వారం పట్టొచ్చు, మూడు వారాలూ పట్టొచ్చు. ఇందులో నైపుణ్యం ఏమీ లేదు, ఓపికే.

కదిలిందని సంబరపడి వెంటనే ప్లగ్ బిగించి కిక్ కొట్టకు. సిలిండర్లో నూనె నిలిచి ఉంటుంది, నూనె గాలిలా నొక్కుకోదు, కొడితే పిస్టన్‌ను పట్టుకునే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ప్లగ్ కంత మీద గుడ్డ కప్పి, పిస్టన్‌ను నాలుగైదు సార్లు ఆడించి నూనె బయటికి కక్కించు. కొంత నూనె రింగుల సందుల్లోంచి కిందికి దిగుతుంది కాబట్టి ఇంజిన్ ఆయిల్ కూడా మార్చెయ్యి.

పిస్టన్ కదిలినా బోర్‌లో (అంటే సిలిండర్ లోపలి గోడ మీద) తుప్పు గాట్లు ఉంటే లేత్ మీద బోరింగ్ చేయించాలి, 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల పెద్ద సైజు పిస్టన్ వేయాలి. అసలు ఖర్చు అక్కడ మొదలవుతుంది. అక్కడ ఆగి లెక్క వేసుకో. అక్కడి దాకా అయ్యేది నూనె ఖర్చే, కొన్ని కొత్త బూతులు కూడా నేర్చుకుంటావు.

ఆరో_నెల

లెక్కల మనిషి గారూ, సిగ్గు గురించి మీరన్నది నిజమే, కాదనను. కానీ రెండో వైపు కూడా వినండి.

నాకు ఉద్యోగం పోయిన ఆరో నెలలో రోజుకు రెండు మూడు మెయిళ్లు వచ్చేవి, అన్నీ ఒకటే: "మీ ఆసక్తికి ధన్యవాదాలు." నేను చేసిన పనికి ఫలితం కంటికి కనిపించి ఎన్నాళ్లయిందో కూడా గుర్తులేదు. అప్పుడు మా బాబాయి పాత బైక్ తెచ్చుకున్నాను.

మొదటి వారం కార్బురేటర్ అడుగు గిన్నె స్క్రూలతోనే సరిపోయింది. స్టార్ స్క్రూడ్రైవర్ జారి జారి ఒక స్క్రూ తల గుండ్రమైపోయింది. తర్వాత తెలిసింది, జపాన్ పద్ధతి బళ్లలో ఆ స్టార్ గాడి కొలత వేరట. మామూలు స్క్రూడ్రైవర్ మొన అందులో పూర్తిగా కూర్చోదు. సరైనది తెచ్చి, సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ వాడితే మిగతా మూడూ పుసుక్కున వచ్చేశాయి.

ఇక పైలట్ జెట్. కార్బురేటర్లో పెట్రోల్ వెళ్లే చిన్న ఇత్తడి ముక్క, కంత అర మిల్లీమీటరు కూడా ఉండదు. పాత పెట్రోల్లో తేలికైనదంతా ఆవిరైపోయి, మిగిలింది జిగురై అందులో గట్టిపడిపోతుంది. లైటుకు అడ్డంగా పట్టి చూస్తే చీకటే. రెండు రోజులు క్లీనర్లో నానబెట్టి, పాత ఛార్జర్ వైరు కోసి, అందులోంచి ఒక్క రాగి పోగు తీసి దూర్చాను (ఇనప తీగ దూర్చకండి, కంత పెద్దదైపోతుంది). మళ్లీ లైటుకు పట్టి చూస్తే సూది మొనంత వెలుగు కనిపించింది. నవ్వుకుంటే నవ్వుకోండి, ఎన్నో వారాల తర్వాత ఆ రాత్రి సరిగ్గా నిద్రపోయాను.

లెక్కల_మనిషి

నవ్వను. ఒకటి అడుగుతాను. మీకు ఉద్యోగం ఎప్పుడొచ్చింది?

ఆరో_నెల

తొమ్మిదో నెలలో.

లెక్కల_మనిషి

బైక్ లేకపోతే ఏడో నెలలోనే వచ్చేదేమో?

ఆరో_నెల

పన్నెండో నెలలో కూడా వచ్చేది కాదేమో. ఆ స్థితిలో నేను ఇంటర్వ్యూకి వెళ్తే ఎదుటివాళ్లకు నా మొహంలోనే తెలిసిపోయేది. తేల్చడానికి మీ దగ్గరా ఆధారం లేదు, నా దగ్గరా లేదు.

షెడ్డు_బయట

అందరూ షెడ్డు లోపలి నుంచి మాట్లాడుతున్నారు, నేను బయటి నుంచి చెప్తాను. బండి విప్పింది మా ఆయన.

డబ్బు వల్ల గొడవలు రాలేదు మాకు. కిరోసిన్ చేతులు వంటింటి సింకులో కడగడం వల్ల కూడా రాలేదు (ఆ మాట ఒకటికి పదిసార్లు అన్నాననుకోండి). "ఇంకో పావుగంట" అని లోపలికెళ్లి మూడు గంటలకు బయటికొచ్చే మనిషిని, ఇవాళ ఎవరికన్నా ఫోన్ చేశారా అని అడగడానికి నాకు భయమేసేది. అడిగితే వేధించినట్టు, అడక్కపోతే పట్టనట్టు. అదీ బాధ.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఉద్యోగం పోయిన కొత్తలో ఆయన అసలు మాట్లాడేవారే కాదు. బండి వచ్చాక భోజనాల దగ్గర క్లచ్ ప్లేట్ల గురించి చెప్పేవారు. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా వినేదాన్ని.

చివరికి గోడ మీద ఒక కాగితం అంటించాం. షెడ్డు గంటలు, ఈ నెల బండికి పెట్టగలిగిన డబ్బు, ఆ వారం ఫోన్ చేయాల్సిన ముగ్గురి పేర్లు. ముగ్గురికీ చేస్తేనే షెడ్డు తాళం. తాళం నా దగ్గర ఉండేది, అది ఆయన ఆలోచనే.

బల్లకి_అవతల

నేను ఇంటర్వ్యూలు చేసేవాణ్ని. ఖాళీ నెలల గురించి అడిగినప్పుడు "బైక్ బాగుచేశాను" అంటే మాకు తప్పుగా ఏమీ అనిపించదు. అలాగని మార్కులూ పడవు.

ఒకతను అలా చెప్తే సరదాకి అడిగాను: స్పార్క్ వస్తోంది, పెట్రోల్ వస్తోంది, అయినా స్టార్ట్ అవలేదు, ఏం చూస్తావ్? అతని కళ్లు వెలిగాయి. కంప్రెషన్ కొలుస్తాను, వాల్వ్ గ్యాప్ చూస్తాను, స్పార్క్ పుట్టించే పాయింట్లు తెరుచుకునే టైమింగ్ చూస్తాను అంటూ వరసగా చెప్పాడు. చాలా బాగా ఆలోచించే మనిషి. కానీ మా పనికి కావాల్సిన సాఫ్ట్‌వేర్ అడిగితే తడబడ్డాడు, ఏడాదిగా ముట్టుకోలేదట. ఇంకొకరిని తీసుకున్నాం. నాకు ఇప్పటికీ కొంచెం గిల్టీగానే ఉంటుంది.

గ్రీజు_చేతులు

షెడ్డు బయట అమ్మగారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం.

నా దగ్గరికొచ్చే పాత బళ్లలో చాలావరకు చక్రాల మీద రావు, గోనెసంచుల్లో వస్తాయి. అన్నీ విప్పేశాం, ఇప్పుడు మీరు బిగించండి అంటారు. ఎందుకు వదిలేశారని అడిగితే "ఉద్యోగం వచ్చింది సార్." ఉద్యోగం లేనప్పుడు టైముంటుంది, డబ్బుండదు. వచ్చాక డబ్బుంటుంది, టైముండదు. కాబట్టి తమ్ముడూ, ఇప్పుడు చేతులకు పని చెప్పేవి చెయ్యి, జేబుకు పని చెప్పేవి ఆపు. తుప్పు గీకడం, కార్బురేటర్ కడగడం, ఎలుకలు కొరికిన వైర్లు ఒక్కొక్కటీ వెతికి అతకడం, ఇవన్నీ ఇప్పుడు చెయ్యి. వస్తువులు మాత్రం కొనకు. ఒక భాగం మళ్లీ బిగించాకే ఇంకో భాగం విప్పు. విప్పే ముందు ఫోటో తియ్యి, నట్లు చిన్న కవర్లలో వేసి పేరు రాసి పెట్టుకో. నాకు గుర్తుంటుందిలే అనుకుంటావు. ఉండదు.

వెల్డింగ్_వీరుడు

ట్యాంక్ లోపల తుప్పు ఉందంటే ఖాళీ చేసి వెల్డింగ్ వాడి దగ్గర కాస్త వేడి చేయించు, పొరలు పొరలుగా రాలిపోతుంది.

గ్రీజు_చేతులు

ఎవరూ ఆ పని చేయకండి! ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. నిండా పెట్రోలుంటే లోపల గాలికి చోటుండదు. ఖాళీ దాంట్లో ఆవిరి, గాలి కలిసి ఉంటాయి, ఒక్క నిప్పురవ్వ చాలు. తుప్పుకి వెనిగర్ చాలు. పెట్రోల్ పూర్తిగా తీసేసి, కడిగి, వెనిగర్ నింపి ఒకట్రెండు రోజులు వదిలెయ్యి. పారబోశాక వంటసోడా నీళ్లతో కడుగు, వెంటనే ఆరబెట్టి లోపలంతా పల్చగా ఆయిల్ పట్టించు. తడిగా వదిలేస్తే గంటల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది.

పనిలో పని ఇంకో రెండు. మూసిన షెడ్డులో ఇంజిన్ నడపకు, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ లేదు వాసనా లేదు. డ్రమ్ము విప్పినప్పుడు బ్రేక్ దుమ్మును ఊదకు, పాత షూలలో ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడువు.

తుప్పు_నేస్తం

అందరికీ థాంక్స్. పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను.

అన్నయ్యకి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. గోడ కాగితం సంగతి ఆయనకి బాగా నచ్చింది. షెడ్డు తాళం ఇప్పుడు వదిన దగ్గరుంది. మొదటి వారం ముగ్గురికి ఫోన్ చేశాను. ఒకరు ఎత్తలేదు, ఒకరు తననీ తీసేశారని చెప్పారు, ఇద్దరం గంటసేపు మాట్లాడుకున్నాం. మూడో ఆయన రెజ్యూమే పంపమన్నారు, పంపాను, ఇంకా ఏమీ రాలేదు.

బండి తొమ్మిది రోజులు కదల్లేదు. పదో రోజు అన్నయ్య ఊరికే చూద్దామని వచ్చి వెనక చక్రం పట్టుకుని ఊపాడు. టక్ మని ఒక చిన్న చప్పుడు. చక్రం రెండు వేళ్ల మందం కదిలి మళ్లీ ఆగిపోయింది. "ఇదిగో, వస్తోందిరా" అని అరిచి, చొక్కా చేతులు మడుచుకుని చీకటి పడేదాకా అక్కడే ఉన్నాడు. ఇంకా పూర్తి చుట్టు తిరగలేదు. ఏమీ కొనలేదు, నూనె తప్ప.

లెక్కల_మనిషి

మీ అన్నయ్య కూడా పడిపోయారన్నమాట. సరే, టైరు మీద అంకెలు చూశారా?

తుప్పు_నేస్తం

వెనక దాని మీద నాలుగున్నాయి. ముందు దాని మీద మూడే.

లెక్కల_మనిషి

మూడా! బైక్ మీద నా అభిప్రాయం ఏమీ మారలేదు, కానీ మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఆ టైర్లు కొనండి.

గ్రీజు_చేతులు

ఇప్పుడే కొనకు తమ్ముడూ. ముందు ఆ ఇంజిన్ ఒక చుట్టు తిరగనీ.